మొదట్లో కలిసిన మాట చివర్లో ఎందుకు విడిపోతుంది: విడిగా రికార్డు చేసిన ఆడియోను వీడియోతో కలపడం

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. గుణుపురం దగ్గర పల్లెలో ఒక పెద్దావిడ పాడిన దంపుళ్ళ పాటలూ, చెప్పిన కబుర్లూ 42 నిమిషాలు ఒకే షాట్‌గా తీశారు. బొమ్మ ఫోన్‌లో, సెకనుకు 30 ఫ్రేములతో. శబ్దం విడిగా, జేబులో పట్టే రికార్డర్‌లో, కాలర్ మైకుతో. మొదట్లో చప్పట్లు కొట్టి కలిపారు, బాగా కలిసింది. చివరికొచ్చేసరికి మాటకీ పెదవికీ అర సెకను తేడా. రెండోది, కాశీనగర్‌లో వంశధార ఒడ్డున తీసిన తప్పెటగుళ్ళు, తప్పెట వాయిస్తూ ఆడి పాడే ఆట. దాన్ని సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే అడుగూ దెబ్బా కలుస్తున్నాయి కానీ పాట మాత్రం కలవడం లేదు. మూడోది, రెండు పరికరాలకూ ఒకే వేళను అందించే టైంకోడ్ పెట్టెలు కొంటే ఈ బాధలన్నీ పోతాయా అని.

మూడోదానికి జవాబు ఇప్పుడే చెప్పేస్తాను: పోవు. ఎందుకో చివర్లో చెబుతాను. మొదటి రెండిట్లో అసలు తెలుసుకోవలసిన సంగతి ఉంది.

చప్పట్లు కొట్టి కలపడమంటే రెండు పరికరాలకూ ఒకే క్షణాన్ని చూపించడం. ఆ క్షణం తర్వాత ఎవరి గడియారం వారిదే. రికార్డర్ సెకనుకు 48,000 నమూనాలు, అంటే శబ్దపు కొలతలు, తీస్తుందని రాసి ఉంటుంది. ఆ సెకను ఎంతో తేల్చేది దాని లోపలి క్వార్ట్జ్ ముక్క, అంటే క్రిస్టల్. ఫోన్‌లోనూ అలాంటిదే ఇంకొకటి ఉంటుంది. ఈ రెండూ అచ్చంగా ఒకేలా కొట్టుకోవు. పది లక్షలకు 20 పాళ్ళు తేడా అంటే వినడానికి ఏమీ లేనట్టుంటుంది, కానీ గంటకు 72 మిల్లీసెకన్లు అవుతుంది. ఒకటి 20 పాళ్ళు ముందుకీ, ఇంకొకటి 20 పాళ్ళు వెనక్కీ పోతే గంటకు 144. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు కాబట్టి, మూడున్నర ఫ్రేముల పైమాటే. నాగ్రా టేప్ రికార్డర్ల కాలంలో సినిమావాళ్ళకూ ఇదే బాధ ఉండేది. మొదట కెమెరాకూ టేపుకూ మధ్య తీగ వేసి వేగం కలిపేవారు, తర్వాత రెండింట్లోనూ మంచి క్రిస్టల్ పెట్టుకుని తీగ తీసేశారు. మన జేబు రికార్డర్‌లో ఉన్నది ఆ స్థాయి క్రిస్టల్ కాదు.

అందుకే నేను ఎవరికైనా మొట్టమొదట చెప్పేది ఒకటే: చప్పట్లు మొదట్లో కొట్టండి, చివర్లోనూ కొట్టండి. సినిమా సెట్లో చివర కొట్టే క్లాప్‌కి బోర్డును తలకిందులుగా పట్టుకునేది, అది షాట్ చివరిదని ఎడిటర్ గుర్తుపట్టడానికే. మీరు మొదట ఒక చప్పట, చివర రెండు చప్పట్లు అనుకోండి, సరిపోతుంది. మొదటిది రెండు ఫైళ్ళ మొదలును కలుపుతుంది. రెండోది గడియారాల తేడా ఎంతో లెక్క చెబుతుంది. అది లేకపోతే మీ చేతిలో మిగిలేది ఊహే.

ఇక మీ అర సెకను సంగతి. తేడా కనిపించగానే సవరించడం మొదలుపెట్టకండి, ముందు ఏ జాతి తేడానో చూడండి. షాట్ మొదట్లో, నడుమ, చివర మూడు చోట్ల ప, బ, మ లాంటి పెదవులు మూసుకునే అక్షరాలున్న మాటలు వెతకండి. "అమ్మ", "పాప", "బెల్లం" లాంటివి. పెదవి విడిన ఫ్రేమూ, శబ్దం లేచిన చోటూ చూసి తేడా ఎంతో రాసుకోండి.

మూడు చోట్లా ఒకే తేడా ఉంటే కలపడమే తప్పింది, ఆడియోను ఆ మేరకు జరిపితే చాలు. మొదట్లో సరిగ్గా ఉండి నడుమ ఎక్కడో ఒక్కసారిగా గెంతితే ఏదో ఒక ఫైల్లో ముక్క పోయింది. క్రమంగా పెరుగుతూ పోతే, ఎంత వేగంగా పెరుగుతోందో లెక్కకట్టాలి. తేడాను గడిచిన కాలంతో భాగించండి, దొంగ ఎవరో ఆ అంకెలోనే దొరుకుతాడు.

ఒక్క నిమిషంలోనే అయిదు సెకన్ల దాకా తేడా వచ్చి, గొంతు కూడా సన్నబడి చిన్నపిల్లలా వినిపిస్తే, 44.1 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 44,100 నమూనాలు) రికార్డయిన ఫైల్‌ను 48 అనుకుని నడిపిస్తున్నట్టు. వేగం 8.8 శాతం పెరుగుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. తేడా 0.1 శాతం, అంటే పది నిమిషాలకు 0.6 సెకను, గంటకు 3.6 సెకన్లు అయితే 29.97 ఫ్రేముల వీడియోను ఎక్కడో 30గా చదివినట్టు. 0.01 శాతం లోపల ఉంటే మామూలుగా గడియారాల తేడాయే.

మీది 42 నిమిషాలకు, అంటే 2520 సెకన్లకు, అర సెకను. 0.02 శాతం. ఇది 29.97 లెక్కకు అయిదో వంతే. గడియారాల తేడా అనుకుందామంటే మరీ ఎక్కువ. ఈ నడిమి అంకె కనిపిస్తే నేను ముందు అనుమానించేది ఫోన్ వీడియోనే. ఫోన్ 30 అని చెప్పినా అన్ని వేళలా 30 తీయదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, వేడెక్కితే కొన్ని వదిలేస్తుంది. కాబట్టి ఫ్రేముల మధ్య ఎడం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఫోన్‌లో చూస్తే అంతా బాగానే ఉంటుంది, ఎందుకంటే ప్రతి ఫ్రేముకూ దాని వేళ ఫైల్లోనే రాసి ఉంటుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ వేళల్ని పట్టించుకోకుండా ఫ్రేములన్నిటినీ సమానంగా పేర్చేస్తాయి. మధ్యాహ్నం వసారాలో మొదలుపెట్టి పొద్దు వాలేదాకా తీసిన షాట్‌లో ఇది కనబడే అవకాశం ఇంకా ఎక్కువ.

నిర్ధారణకు ఒక పరీక్ష ఉంది, రెండు నిమిషాల పని. రికార్డర్ ఆడియోను పూర్తిగా మ్యూట్ చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ సొంత ఆడియోతోనే షాట్ చివరి భాగం చూడండి. ఫోన్ మాటే ఫోన్ బొమ్మతో కలవకపోతే తప్పు రికార్డర్‌ది కాదు, అది ఫ్రేముల గొడవ. ఫోన్ మాటా బొమ్మా కలిసి ఉండి, రికార్డర్ ఒక్కటే తేడాగా ఉంటే అది గడియారాల గొడవ. రెండు ట్రాకులనూ కలిపి వింటే తేడా ప్రతిధ్వనిలా వినబడుతుంది కూడా. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ అన్నచోట వేరియబుల్ అనో కాన్‌స్టంట్ అనో చూపిస్తుంది.

వేరియబుల్ అయితే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తేకముందే, వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి తిప్పాలి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ దగ్గర 30 ఎంచుకుని, కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్‌కి గుర్తు పెట్టండి. 30లో తీసినదాన్ని ఇక్కడ 25కి మార్చకండి, కదలిక గతుకుల రోడ్డు మీద బండిలా ఊగుతుంది. క్వాలిటీ 18 దగ్గర పెడితే బొమ్మలో తేడా కంటికి కనబడదు. వచ్చిన కొత్త ఫైల్‌తోనే పని చేయండి, అసలు ఫైల్‌ను మాత్రం చెరపకండి.

ఇకముందు తీసేవాటికి ఫోన్ సొంత కెమెరా ఆప్ బదులు షట్టర్, ఫ్రేమ్ రేట్ బిగించగలిగే ఆప్ వాడండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా ఆప్ ఉచితమే. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద చారలు పరుగెత్తవు, 29.97 లెక్కల తలనొప్పి అసలే ఉండదు. ఫ్రేమ్ రేటును బిగించినా వెలుతురు తగినంత ఉండాలన్నది మరవకండి.

పరీక్షలో గడియారాల తేడా అని తేలితే సవరణ ఇలా. మీరు చివర చప్పట్లు కొట్టలేదు కాబట్టి పెద్దావిడ గట్టిగా చెయ్యి చరిచిన చోటో, చెంబు కింద పెట్టిన చోటో, బొమ్మలోనూ శబ్దంలోనూ స్పష్టంగా తెలిసే క్షణం ఒకటి చివరి భాగంలో వెతుక్కోండి. అదే మీ రెండో చప్పట. మొదటి గుర్తు నుంచి రెండో గుర్తు దాకా వీడియోలో ఎంత కాలమో, రికార్డర్ ఫైల్లో ఎంత కాలమో కొలవండి. ఉదాహరణకు వీడియోలో 2512.22 సెకన్లు, రికార్డర్‌లో 2512.40 అనుకుందాం. రికార్డర్ ఫైల్ 0.18 సెకను పొడుగు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైల్ తెరిచి, సరిగ్గా మొదటి గుర్తు దగ్గరా రెండో గుర్తు దగ్గరా కత్తిరించండి. మొత్తం ఎంచుకుని ఎఫెక్ట్స్‌లో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్‌కి వెళితే, ప్రస్తుత పొడవు, కొత్త పొడవు అని రెండు గళ్ళు ఉంటాయి. కొత్త పొడవులో వీడియో కొలత రాయండి. గుర్తులకు అవతల ఉన్న భాగమూ కావాలంటే కత్తిరించకుండా, మొత్తం ఫైల్ పొడవును 2512.22తో గుణించి 2512.40తో భాగించి ఆ అంకె ఇవ్వండి. 2600 సెకన్ల ఫైలైతే 2599.81 వస్తుంది.

ఇక్కడ చేంజ్ టెంపో వాడకండి. అది శ్రుతిని కాపాడటానికి శబ్దాన్ని ముక్కలు చేసి అతుకుతుంది, గొంతులో సన్నని వణుకు తెస్తుంది. చేంజ్ స్పీడ్‌లో శ్రుతి మారుతుంది నిజమే, కానీ 0.007 శాతం మార్పును ఏ విద్వాంసుడి చెవీ పట్టదు.

లెక్కలు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది, మాటలకు మాత్రమే పనికొస్తుంది. ప్రతి అయిదారు నిమిషాలకు ఆవిడ ఊపిరి తీసుకున్న చోట ఆడియోను కోసి, మిగతాదాన్ని అవసరమైనంత జరపడం. ఆ కోతల్లో నిశ్శబ్దం తెగినట్టు వినబడకుండా ఉండాలంటే ఖాళీ గది చప్పుడు కావాలి. అందుకే షాట్ అయిపోయాక ఎవరినీ కదలొద్దని చెప్పి 60 సెకన్లు ఊరికే రికార్డు చేసి పెట్టుకోవాలి. పాట మీద మాత్రం ఈ కోత వేయకండి, లయ తప్పుతుంది.

ఎంత దగ్గరగా కలిస్తే చాలన్నదానికి కొలతలున్నాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన బీటీ 1359 సిఫారసు ప్రకారం మాట బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే మనిషి పసిగడతాడు, వెనకబడితే మాత్రం 125 దాకా తెలియదు. యూరప్ ప్రసార సంస్థల యూనియన్ ఇంకా గట్టిగా, 40 ముందు, 60 వెనక అని గీత గీసింది. ముందుకూ వెనక్కూ ఇంత తేడా ఎందుకంటే, ప్రకృతిలో మనకు అలవాటైనది అదే. ఏటికి అవతలి ఒడ్డున చాకిరేవులో బట్ట రాతిని తాకాక కాసేపటికి చప్పుడు వస్తుంది. చప్పుడు ముందొచ్చి బట్ట తర్వాత తాకడం ఎవరూ చూడలేదు. కాబట్టి అనుమానం ఉన్నచోట ఆడియోను ఒక అర ఫ్రేము వెనక్కే ఉంచండి, ముందుకు ఎప్పుడూ వద్దు.

ఈ తేడా చూసేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టండి. అవి 100 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేస్తాయి. సరిగ్గా ఉన్నదాన్ని తప్పనుకుని సవరించి పాడుచేసుకోవడం ఇలాగే జరుగుతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోనే వాడాలి.

ఇప్పుడు తప్పెటగుళ్ళు. సాఫ్ట్‌వేర్ కలిపే పద్ధతి తెలిస్తే అది ఎందుకు మోసపోయిందో అర్థమవుతుంది. ఫోన్ ఆడియో తరంగాన్నీ రికార్డర్ తరంగాన్నీ పక్కపక్కన జరుపుతూ, ఎక్కడ రెంటి ఎగుడుదిగుళ్ళూ బాగా సరిపోతే అక్కడ ఆపుతుంది. మాటల్లో ఏ రెండు క్షణాలూ ఒకలా ఉండవు కాబట్టి పొరపాటు పడదు. తప్పెటలో ఒకే దెబ్బల వరస మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక ఆవృతం, అంటే ఆ వరస ఒక చుట్టు, అటో ఇటో జరిగినా దెబ్బ మీద దెబ్బ అచ్చంగా కూర్చుంటుంది. దానికి తోడు ఫోన్ సొంతంగా శబ్దాన్ని హెచ్చించీ తగ్గించీ అన్ని దెబ్బల్నీ ఒకే ఎత్తుకు తెచ్చేస్తుంది. పాట ఆ గోలలో మునిగిపోతుంది. దాంతో సాఫ్ట్‌వేర్‌కు గుర్తు పట్టే ఆధారమే ఉండదు.

మందు మూడు విధాలు. ప్రదర్శన మొదలవకముందే, తప్పెట మోగకముందే, రెండు పరికరాలూ ఆన్ చేసి "కాశీనగర్, మొదటి షాట్" అని గట్టిగా చెప్పి చప్పట కొట్టండి. ఆ మాటలు మళ్ళీ రావు, అదే తాళం చెవి. రెండోది, దావిన్చి రిజాల్వ్, కెడెన్‌లైవ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఫైళ్ళను కాకుండా, ఆ మొదటి అర నిమిషాన్ని మాత్రమే కత్తిరించి ఆడియో ఆధారంగా కలపమనండి. రిజాల్వ్‌లో మీడియా పూల్‌లో రెంటినీ ఎంచుకుని ఆటో సింక్ ఆడియో, అందులో వేవ్‌ఫారం. కెడెన్‌లైవ్‌లో ముందు ఒక క్లిప్‌ను ఆడియో రిఫరెన్స్‌గా పెట్టి, రెండోదాన్ని దానికి అలైన్ చేయమనాలి. మూడోది, ఇప్పటికే తీసేసిన మీ ఫైల్‌కు: దెబ్బలు ఆగి గురువు ఒక్కడే పాట ఎత్తుకునే చోటో, బృందం కేక వేసే చోటో చూసి చేత్తో కలపండి. మీ తేడా చాలావరకు సరిగ్గా ఒక ఆవృతమో రెండో ఉంటుంది. అంత జరిపితే పాట కూర్చుంటుంది.

తప్పెటగుళ్ళలో కాలర్ మైకు పనికిరాదు. రేకు తప్పెటను గుండెకు కట్టుకుని వాయిస్తారు. మైకు పెట్టే చోట తప్పెటే ఉంటుంది. తలపాగా ఉంటే దాని అంచున నుదుటి దగ్గర మెడికల్ టేపుతో అంటించడం ఒక దారి. గెంతులు వేస్తారు కాబట్టి తీగ వీపు మీదుగా దించి రెండు చోట్ల టేపు వేయాలి. మరో దారి, రికార్డర్‌నే స్టాండు మీద రెండు మీటర్ల ఎత్తున, బృందానికి మూడు నాలుగు మీటర్ల దూరంలో, కాస్త కిందికి చూసేలా పెట్టడం. నేను రెండోదే మెచ్చుతాను. గజ్జెలూ తప్పెటా గొంతూ కలిసి ఒకే చోట వినబడటమే ఆ ఆట అందం. ఎంపీ3లో రికార్డు చేయకండి. తక్కువ బిట్‌రేటులో గజ్జెల సన్నని మోత ఇసుక రాలినట్టు అయిపోతుంది. వేవ్ ఫైల్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ, మోనోలో అందులో సగం. ఇప్పటి కార్డులకు అదేం బరువు కాదు.

లెవెల్ విషయంలో తప్పెటకు కనికరం చూపకూడదు. ప్రదర్శకుల్ని అత్యంత గట్టిగా వాయించమని చెప్పి, శిఖరం -12 డీబీ దగ్గర ఉండేలా తిప్పండి. వేడెక్కాక ఇంకా గట్టిగానే వాయిస్తారు, ఆ జాగా దానికే. సున్నాను తాకిన దెబ్బ పగిలిపోతుంది, తర్వాత బాగుచేసే మార్గం లేదు. రికార్డర్ తనంతట తానే శబ్దాన్ని హెచ్చించీ తగ్గించే ఆటో గెయిన్ ఆపాలి. హద్దు దాటే శబ్దాన్ని అణిచే లిమిటర్ ఉంచుకోవచ్చు. 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేసే "లో కట్"ను మాటలకు వాడండి, తప్పెటకు తీసేయండి. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాయి, జూమ్ ఎఫ్3 లాంటివి. వాటిలో లెవెల్ తప్పినా తర్వాత దించుకోవచ్చు. కానీ మైకు క్యాప్సూలే, అంటే శబ్దాన్ని పట్టే లోపలి బిళ్ళే, పగిలిన శబ్దాన్నిస్తే 32 బిట్లేమీ చేయలేవు. చిన్న కాలర్ మైకును తప్పెట పక్కన పెడితే జరిగేది అదే.

దూరం సంగతి చాలామంది మరిచిపోతారు. 35 డిగ్రీల ఎండలో శబ్దం సెకనుకు సుమారు 352 మీటర్లు పోతుంది. మీ ఫోన్ బృందానికి 12 మీటర్ల దూరంలో ఉంటే దానికి దెబ్బ 34 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినబడుతుంది, దాదాపు ఒక ఫ్రేము. సాఫ్ట్‌వేర్ ఆడియో మీదే కలుపుతుంది కాబట్టి రికార్డర్ శబ్దాన్ని కూడా అంత ఆలస్యంగా కూర్చోబెడుతుంది. 12 మీటర్లకు పర్వాలేదు. జాతర జనం వెనక నుంచి 50 మీటర్ల దూరాన తీస్తే 140 మిల్లీసెకన్లు దాటుతుంది, చెయ్యి తగిలాక దెబ్బ వినిపిస్తుంది. అప్పుడు కళ్ళతో కలపాలి: అరచేతులు తాకిన మొదటి ఫ్రేమును, రికార్డర్ తరంగంలో లేచిన మొదటి ముల్లుతో. కాబట్టి చప్పట కొట్టేవాడు రికార్డర్ పక్కనే, కెమెరాకు కనబడేలా, చేతులు ముఖానికి దూరంగా పెట్టి కొట్టాలి. కెమెరా వెనక నుంచి కొట్టిన చప్పట ఎందుకూ పనికిరాదు. ఇలా చేత్తో కలిపాక ఫోన్ ట్రాక్‌ను మ్యూట్ చేయండి, లేకపోతే రెండూ కలిసి డబ్బాలో నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అంతమాత్రాన రికార్డింగప్పుడే ఫోన్ మైకును ఆపేయకండి. సినిమావాళ్ళు పైలట్ ట్రాక్ అనేది ఇదే, కలపడానికి అదే ఆధారం.

ఫ్రేము కంటే చిన్న తేడా సవరించాలంటే ఎడిటర్ మామూలుగా ఒప్పుకోదు, ఒక్కో అడుగూ ఒక ఫ్రేమే. రిజాల్వ్‌లో ఫెయిర్‌లైట్ పేజీకి వెళ్ళండి, ప్రీమియర్‌లో టైంలైన్ మెనూలో ఆడియో టైం యూనిట్లు ఆన్ చేయండి. అప్పుడు నమూనాల మేరకు జరుగుతుంది.

మైక్‌సెట్ వాళ్ళ మిక్సర్ నుంచి తీగ తీసుకోవచ్చా అని కూడా అడిగారు. తీసుకోవచ్చు, కానీ అదొక్కటే నమ్ముకోవద్దు. మిక్సర్‌లోకి గొంతు వెళుతుంది, గజ్జెలూ జనమూ వెళ్ళరు. మిక్సర్ లైన్ లెవెల్‌లో, అంటే మైకు కంటే చాలా బలంగా, ఇస్తుంది. దాన్ని జేబు రికార్డర్ మైకు రంధ్రంలో పెడితే లెవెల్ ఎంత తగ్గించినా పగులుతుంది, లైన్ ఇన్ ఉంటే అందులో, లేకపోతే మధ్యలో బలం తగ్గించే ప్యాడ్ తీగతో పెట్టాలి. రికార్డర్‌ను ఛార్జర్‌కు తగిలించకుండా బ్యాటరీ మీదే నడపండి, సగం హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) అక్కడే పోతుంది. ఇంకా మిగిలితే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

పెద్దావిడ రికార్డింగుకి వస్తే, మైకును గడ్డానికి జానెడు కింద, పమిట అంచుకు పెట్టండి, పూసల దండా పుస్తెలూ తగలని వైపు. గాజుల చెయ్యి ఆ పక్కకు రాకుండా కూర్చోబెట్టండి. రేకుల ఇంటి లోపల కంటే వీధి అరుగు మేలు, లోపల మాట రేకుకు తగిలి మోగుతుంది. బయట గాలికి స్పాంజి టోపీ చాలదు, బొచ్చు కవరు కావాలి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల మాటను చెవితో విని నేర్చుకున్న ప్రాంతం ఇది. తెలుగూ ఒడియా కలిసిపోయిన ఆ పెద్దావిడ యాసలో ఏ హల్లు ఎలా పలికిందో రేపు వినేవాడికి తెలియాలంటే పెదవీ మాటా ఒక్కటిగా కనబడాలి. ఈ శ్రమ అందుకే.

ఫైల్లో ముక్క పోయి తేడా ఒక్కసారిగా గెంతడం గురించి క్లుప్తంగా. కొన్ని కెమెరాలు 4 జీబీకి ఒక ఫైల్ ముగించి ఇంకోటి మొదలుపెడతాయి. పాత కెమెరాలు కొన్ని 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. రికార్డర్లు చాలావరకు 2 జీబీకి ముక్క చేస్తాయి, 24 బిట్ స్టీరియోలో రెండు గంటల పైచిలుకు. ఆగి మళ్ళీ మొదలైన ప్రతిసారీ కొత్త చప్పట. వాటంతట అవే ముక్కలైన వీడియోలను ముందు ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా పేర్చి, ఆ తర్వాతే ఆడియో కలపండి. అతుకు దగ్గర ఒక ఫ్రేము సందు మిగిలిందేమో పెద్దది చేసి చూడండి.

ఇంకో మాట, కొన్ని రికార్డర్లలో ఎర్ర బటన్ ఒకసారి నొక్కితే దీపం మిణుకుమిణుకుమంటుంది. అది సిద్ధంగా ఉందని అర్థం, రికార్డు చేస్తోందని కాదు. మళ్ళీ నొక్కితేనే మొదలు. దీపం కాదు, నడిచే సెకన్ల అంకె చూడండి. ఆ తర్వాత హోల్డ్ మీట వేయండి. ఛార్జింగ్ సెల్స్ వాడితే మెనూలో బ్యాటరీ రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ అని మార్చండి, లేకపోతే మిగిలిన బలం తప్పుగా చూపిస్తుంది.

టైంకోడ్ పెట్టెల సంగతి. టెంటకిల్ సింక్ లాంటివి రెండు పరికరాలకూ ఒకే వేళను అందిస్తాయి, రోజంతా తీసిన వంద క్లిప్‌లను ఒక్క నొక్కుతో వాటి వాటి చోట పెడతాయి. మూడు నాలుగు కెమెరాలతో ఠాకురాణీ యాత్రలాంటి జాతరను రోజుల తరబడి తీసేవారికి అవి బంగారం. కానీ అవి చెప్పేది క్లిప్ ఎప్పుడు మొదలైందన్నదే. మొదలయ్యాక మీ రికార్డర్ నమూనాల వేగం మీ రికార్డర్ గడియారానిదే, టైంకోడ్ దాన్ని ముట్టుకోదు. 42 నిమిషాల ఒకే షాట్ చివర్లో వచ్చే జారుడు పెట్టె ఉన్నా వస్తుంది. మీకున్నది ఒక ఫోన్, ఒక రికార్డర్. ఆ డబ్బుతో ముందు తీగ హెడ్‌ఫోనూ, బొచ్చు కవరూ, బరువైన స్టాండూ కొనండి. మిగిలితే రెండో కార్డు కొని, షాట్‌ను 15 నిమిషాలకోసారి ఆపి కొత్త చప్పటతో మొదలుపెట్టండి. పది లక్షలకు 40 పాళ్ళ తేడా ఉన్నా 15 నిమిషాలకు అయ్యేది 36 మిల్లీసెకన్లే, 25 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము కూడా కాదు.